షిఫ్ట్ ఛార్జ్ వాట్సాప్‌లో ఇస్తే చాలదా? లాగ్ బుక్కే ఉండాలా?

బొల్లారం_బ్లాక్:
బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాలు చేసే) ప్లాంట్లలో పనిచేసేవాళ్లను అడుగుతున్నా. ఎ షిఫ్ట్ 6 నుంచి 2, బి షిఫ్ట్ 2 నుంచి 10, సి షిఫ్ట్ 10 నుంచి 6. దిగేవాళ్లు ఛార్జ్ (వచ్చేవాళ్లకు పని అప్పగింత) కింద బ్లాక్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి వెళ్లడం ఇప్పుడు చాలా చోట్ల మామూలైంది. నాకైతే ఇదే మేలనిపిస్తోంది. ఏ టైముకి పెట్టారో తెలుస్తుంది, మేనేజరు నుంచి ఫిట్టరు దాకా ఒకేసారి చూస్తారు, చేతిరాత చదవలేని గొడవ లేదు. లాగ్ బుక్ తెరిచేది ఆడిట్ వచ్చినప్పుడే. ఏమంటారు?

పాత_లాగ్‌బుక్:
ఆ మెసేజ్‌లో ఏముంటుందో చూడండి తమ్ముడూ. "104 రన్నింగ్, ఆల్ ఓకే." 104 రియాక్టర్ నంబరు. ఛార్జ్ తీసుకునేవాడికి దీనివల్ల ఏం తెలిసింది? వేడి పుట్టే రియాక్షన్‌లో ఎడిషన్ (ట్యాంకులోంచి రసాయనం కొంచెం కొంచెంగా పోయడం) నడుస్తుంటే అతనికి కావాల్సినవి వేరు: ట్యాంకులోంచి ఎన్ని లీటర్లు పోయాయి, ఇంకా ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు మొదలైంది, మాస్ (లోపలి సరుకు) టెంపరేచర్‌కీ చుట్టూ చల్లబరిచే జాకెట్‌కీ తేడా ఎంత, ఆజిటేటర్ (లోపల కలిపే యంత్రం) ఎన్ని యాంపియర్లు లాగుతోంది.

ఆజిటేటర్ ట్రిప్పయి ఎడిషన్ ఆగలేదనుకోండి. పోసిందంతా రియాక్ట్ కాకుండా లోపలే పోగుపడుతుంది. మాస్ మరీ చల్లబడినా అంతే. తర్వాత షిఫ్ట్‌వాడు ఆ సంగతి తెలియక ఆజిటేటర్ ఆన్ చేస్తే ఆ వేడంతా ఒక్కసారే బయటికొస్తుంది, బ్రైన్ (చల్లబరిచే ఉప్పునీరు) దాన్ని లాగలేదు. కాబట్టి "20 నిమిషాలు ఆగింది, ఆ టైములో ఇన్ని లీటర్లు పడింది" అన్నదే అసలు ఛార్జ్. మేనేజరున్న గ్రూపులో ఆ మాట ఎవరూ రాయరు.

2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో 15 మంది పోయారు. రాత్రి షిఫ్ట్ టవర్‌ని ఎంతవరకు నింపిందో పగటి షిఫ్ట్‌కి సరిగా అందలేదు.

వాల్వ్_నంబర్_7:
అసలు ఫోన్లు సాల్వెంట్ (సులువుగా అంటుకునే ద్రావకాలు) ఏరియాలోకి ఎలా వెళ్తున్నాయి? మామూలు ఫోన్ ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు.

బొల్లారం_బ్లాక్:
ఏరియాలోకి కాదన్నా, కంట్రోల్ రూములో పెడతారు.

పాత_లాగ్‌బుక్ గారూ, టెక్సాస్ సిటీలో ఉన్నది లాగ్ బుక్కే కదా! అందులో రాసింది ఒక్క వాక్యం. మీ ఉదాహరణ నా వైపే పనిచేస్తోంది.

క్యూఏ_డెస్క్:
లాగ్ బుక్‌లో పేజీలకు నంబర్లుంటాయి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ పెట్టకూడదు. గ్రూపులో మెసేజ్‌ని అందరికీ కనిపించకుండా డిలీట్ చేసేయొచ్చు. బ్యాచ్ రికార్డులో ఒక టెంపరేచరు, గ్రూపులో ఇంకొకటి ఉంటే ఇన్‌స్పెక్టరుకు ఏం చెబుతారు?

పాత_లాగ్‌బుక్:
బొల్లారం తమ్ముడూ, పుస్తకం ఉంటే చాలని నేనెక్కడన్నాను? 1988 జూలైలో పైపర్ ఆల్ఫా ఆయిల్ ప్లాట్‌ఫారం మీద 167 మంది పోయారు. పంపు సేఫ్టీ వాల్వ్ విప్పి బ్లైండ్ (మూతపలక) పెట్టారు, పర్మిట్ (పనికి అనుమతి) కాగితం కూడా ఉంది. రాత్రి షిఫ్ట్‌కి ఆ మాట నోటితో చేరలేదు, వాళ్లు ఆ పంపునే స్టార్ట్ చేశారు.

నేననేది ఇది. దిగేముందు అరగంట ఉండగా లాగ్ రాయడం మొదలుపెట్టాలి. రిలీవర్ (ఛార్జ్ తీసుకునేవాడు) రాగానే ఇద్దరూ రియాక్టర్ దగ్గరికి నడవాలి. బైపాస్‌లో ఉన్న ఇంటర్‌లాకులు (ప్రమాదముంటే తమంతట ఆపేసే ఏర్పాట్లు), తెరిచి ఉన్న పర్మిట్లు, తాళం వేసిన వాల్వులు, క్యూసీకి పోయి రిజల్టు రాని శాంపిళ్లు చూపించాలి. తీసుకునేవాడు విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. ఇక్కడే సగం తప్పులు దొరుకుతాయి. ఆ తర్వాతే సంతకాలు. నాలుగు రియాక్టర్లకు 15 నిమిషాలు పడుతుంది. నీలం టిక్కు పడితే చూశాడని తెలుస్తుంది, అర్థమైందని తెలియదు.

హెచ్ఆర్_కోణం:
ఆ 15 నిమిషాలు రెండు షిఫ్టులూ బ్లాక్‌లో ఉంటాయన్నమాట. 2025 నవంబరు దాకా నడిచిన ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 58 చదివారా? ఒకే రకం పనిలో ఒకే సమయంలో కార్మికుల బ్యాచ్‌లు రెండు ఉండకూడదని అందులో ఉండేది.

పాత_లాగ్‌బుక్:
ఛార్జ్ ఇవ్వడం రెండు బ్యాచ్‌లతో ప్రొడక్షన్ నడపడమా సార్? పైగా మినహాయింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉందని అదే సెక్షన్‌లో ఉండేది.

హెచ్ఆర్_కోణం:
సెక్షన్ సెక్షనే. దాని సంగతి తేల్చకుండా ఓవర్‌ల్యాప్ పెట్టమనడం బాధ్యత లేని మాట.

బి_షిఫ్ట్_ఫిట్టర్:
బాధ్యత గురించి మీరు చెప్పకండి సార్. పంచ్ 2:00కి, బస్సు 2:10కి. ఆ 15 నిమిషాలు ఏ జేబులోంచి వస్తాయి? అది చెప్పకుండా సెక్షన్లెందుకు?

హెచ్ఆర్_కోణం:
లెక్క నేను చెబుతా. 8 గంటల్లో అరగంట విరామం తీసేస్తే పని 7.5 గంటలు, ఆరు రోజులకు 45. మీ 15 నిమిషాలు కలిపితే 46.5. వారానికి 48 గంటల పరిమితి దాటలేదు. ఓవర్‌టైము రాదు.

బి_షిఫ్ట్_ఫిట్టర్:
ఆ అరగంట కాగితం మీదే ఉంది. ఆపరేటరుకు రెండు రియాక్టర్లు అప్పజెప్పి, చూసుకోడానికి ఇంకో మనిషిని ఇవ్వకపోతే అతను క్యాంటీనుకి ఎలా వెళ్తాడు? అక్కడే నిలబడి తింటాడు. అది పనే. అప్పుడు వారానికి 48, దాని మీద 1.5. రెట్టింపు లెక్కన 3 గంటల జీతం. ఆ ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ వచ్చింది, రెట్టింపు అందులోనూ ఉంది.

బొల్లారం_బ్లాక్:
నేను వాట్సాప్ అన్నది కూడా అందుకే అన్నా. మెసేజ్ బస్సులో కూర్చుని కూడా పెట్టొచ్చు. జీతం లేని టైములో రియాక్టర్ చుట్టూ తిరగమంటే ఎవరూ తిరగరు, ఎంత మంచి ఫార్మాట్ ఇచ్చినా సరే.

పాత_లాగ్‌బుక్:
ఈ మాట మొదటి పోస్టులోనే రాసుంటే నేను ఇంత వాదించేవాణ్ని కాదు. బస్సు 2:25కి మార్చాలి, ఆ 15 నిమిషాలు పంచ్‌లో పడాలి. దాంట్లో నేను మీతోనే ఉన్నా. కానీ అది వచ్చేదాకా బస్సులోంచి ఛార్జ్ ఇస్తామంటే మాత్రం ఒప్పుకోను. ఎడిషన్ నడుస్తున్న రియాక్టర్‌కి జీతం గొడవ తెలియదు.

క్యూఏ_డెస్క్:
బస్సు చాలాచోట్ల రెండు మూడు యూనిట్లకు ఒకటే. ఒక్క బ్లాక్ కోసం మార్చరు.

వాల్వ్_నంబర్_7:
సి షిఫ్ట్ రిలీవరు రాకపోతే?

పాత_లాగ్‌బుక్:
ఎడిషన్ ఆపాలి, ఆజిటేటర్, కూలింగ్ నడుస్తూ ఉంచాలి, షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పాలి, మనిషి వచ్చేదాకా కదలకూడదు. ఆ సమయం మొత్తం ఓవర్‌టైములో చూపించాలి.

హెచ్ఆర్_కోణం:
ముందస్తు అప్రూవల్ లేకుండా ఓవర్‌టైము చూపించడం కుదరదు.

బి_షిఫ్ట్_ఫిట్టర్:
రాత్రి పదింటికి ఆ అప్రూవల్ ఎవరిస్తారు సార్? పేరొద్దు, హోదా చెప్పండి చాలు.