పాత మారుతీ 800లో పెట్రోల్ వాసన, ఐడిల్లో వణుకు: తప్పు ఈ20దా, బండిదా?

తెనాలి_800
అందరికీ నమస్కారం. నాన్నగారి బండి 1998 మారుతీ 800, కార్బరేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కు పంపే భాగం) మోడల్. వారానికి ఒకటి రెండుసార్లు తీస్తాం, మిగతా రోజులు షెడ్డులోనే ఉంటుంది. కొన్ని నెలలుగా ఐడిల్లో, అంటే బండి నిలబడి ఇంజన్ నడుస్తున్నప్పుడు, బాగా వణుకుతోంది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆగిపోతోంది. దానికి తోడు పెట్రోల్ వాసన. పొద్దున షెడ్డు తలుపు తీయగానే గుప్పుమంటుంది. 40 స్పీడు దాటాక మాత్రం మామూలుగానే లాగుతుంది. మా మెకానిక్ "ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక పాత బండ్లన్నీ ఇంతే, కార్బరేటర్ కొత్తది వేసేద్దాం" అంటున్నాడు. నిజంగా తప్పు పెట్రోల్‌దేనా?

గుంటూరు_గేర్
మీ మెకానిక్ చెప్పిందే నిజం బ్రదర్. మీ బండి తయారైనప్పుడు బంకుల్లో దొరికింది ఉత్త పెట్రోల్. 2022 నాటికి అందులో 10 శాతం ఇథనాల్ కలిసింది, 2025 నాటికి 20 అయింది. ఈ20ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లతో బండ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచే. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది, కొన్ని పాత బండ్లకు 20-30 వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని. ప్రభుత్వమే ఒప్పుకున్నాక ఇంకా చర్చ ఎందుకో నాకు అర్థం కాదు.

స్పానర్_సుబ్బారావు
ఒప్పుకున్నది రబ్బరు గురించి, వణుకు గురించి కాదు. ఆ రెండూ కలిపేయకండి.

లెక్క చూడండి. మామూలు పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, ఎందుకంటే ఆక్సిజన్ అందులోనే ఉంది. కార్బరేటర్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రం) సైజు పాత పెట్రోల్‌కు కుదిర్చింది. అందులో ఈ20 పోస్తే గాలి ఎక్కువై మిక్స్చర్ లీన్ అవుతుంది, రిచ్ (పెట్రోల్ ఎక్కువ) కాదు. పెట్రోల్ వాసన కొడుతోందంటే ఎక్కడో ఇంధనం ఎక్కువ పడుతోంది, లేదా బయటికి కారుతోంది. లీన్ చేసే పెట్రోల్ మీద రిచ్ లక్షణం ఎలా రుద్దుతారు?

గుంటూరు_గేర్
సుబ్బారావు గారూ, సగమే చెప్పారు. మిక్స్చర్ మరీ లీన్ అయితే ఐడిల్లో మంట అంటుకోక మిస్సింగ్ వస్తుంది. అంటుకోని పెట్రోల్ అలాగే సైలెన్సర్లోంచి బయటికొస్తుంది. లీన్‌లోనూ వాసన వస్తుందండీ. పైగా ఇథనాల్ పాత ట్యాంకులో పేరుకున్న జిగురు, తుప్పు కదిలించి, ఐడిల్‌కు పెట్రోల్ ఇచ్చే స్లో జెట్‌లోకి తెస్తుంది. అది మూసుకుంటే ఐడిల్లో వణుకు, స్పీడులో మామూలు. ఈయన చెప్పిన లక్షణం అచ్చం అదే కదా?

స్పానర్_సుబ్బారావు
మిస్సింగ్‌తో వాసన వస్తుందన్న మాట కరెక్టే, కాదనను. కానీ తెనాలి బాబు రాసిన ఒక్క వాక్యం మీరు దాటేశారు. వాసన ఎక్కువగా వచ్చేది పొద్దున షెడ్డు తలుపు తీసినప్పుడు. రాత్రంతా ఇంజన్ ఆగి ఉంది. ఆగిన ఇంజన్లో మిస్సింగ్ ఎక్కడిది? ఆ వాసన సైలెన్సర్‌ది కాదు, పచ్చి పెట్రోల్‌ది. ఎక్కడో కారుతోంది.

బాబూ, నాలుగు సంగతులు చెప్పు. ఫుల్ ట్యాంక్ కొట్టించాక వాసన పెరుగుతుందా? వెనక వైపు ఎక్కువా, బానెట్ వైపా? ప్లగ్గులు విప్పితే రంగేమిటి? ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూశావా? కార్బరేటర్ మాట ఆ తర్వాత.

ఓరుగల్లు_అక్క
మీ వాదన తర్వాత చూసుకుందురు గానీ, ముందు ఆ బండి షెడ్డులోంచి బయట పెట్టించండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. మూసిన షెడ్డులో ఒక స్విచ్ నిప్పురవ్వ చాలు. మామూలు పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీలు కింద కూడా అంటుకునే ఆవిరి వదులుతుంది. మన ఊళ్ల ఎండ సంగతి వేరే చెప్పాలా? తమ్ముడూ, షెడ్డు పక్కనే ఇన్వర్టర్ గానీ మోటార్ స్టార్టర్ గానీ ఉందా?

తెనాలి_800
అక్కా, బోర్ మోటార్ స్టార్టర్ ఆ గోడకే ఉంది. ఇప్పుడే బండి బయట వేప చెట్టు కింద పెట్టించాను.

బాబాయ్ గారూ, ఫుల్ ట్యాంక్‌కీ వాసనకీ సంబంధం కనిపించలేదు. బానెట్ వైపే ఎక్కువ. ప్లగ్గులు రేపు చూస్తాను.

జెర్సీ_తెలుగోడు
అమెరికాలో ఎన్నో ఏళ్లుగా ఈ10 (10 శాతం ఇథనాల్ పెట్రోల్) పోస్తున్నాం, మా పాత క్యామ్రీకి ఏమీ కాలేదు. ఇంత గొడవ ఎందుకు, ఒక ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే పరికరం) పెట్టి చూస్తే సరి. పీ0172 వస్తే రిచ్, పీ0171 అయితే లీన్, పీ0300 అయితే మిస్సింగ్.

స్పానర్_సుబ్బారావు
బాబూ, స్కానర్ గుచ్చడానికి ఆ బండిలో కంప్యూటర్ ఉండాలి కదా. కార్బరేటర్ బండికి స్కానర్ మన ముక్కే. మీ క్యామ్రీలో ఆక్సిజన్ సెన్సర్ మిక్స్చర్‌ని ఎప్పటికప్పుడు సరిచేస్తుంది కాబట్టి ఇథనాల్ తేడా మీకు తెలియలేదు. ఇక్కడ సరిచేసేవాడు స్క్రూడ్రైవర్ పట్టుకున్న మెకానిక్ ఒక్కడే.

బెజవాడ_కార్బ్
ఆటోనగర్లో నేను రోజూ చూసేది ఇదే అన్నా. ఐడిల్ ఆగిపోతోందని కస్టమర్ వస్తాడు. అసలు కారణం వెతక్కుండా మిక్స్చర్ స్క్రూ తిప్పి రిచ్ చేసి పంపేస్తారు. ఐడిల్ కొన్నాళ్లు నిలబడుతుంది, తర్వాత ప్లగ్గులు నల్లబడి మళ్లీ మిస్సింగ్. అప్పుడు కార్బరేటర్ పోయిందంటారు. కొత్తదని అమ్మేవాటిలో చాలా వరకు కంపెనీ పేరు లేనివే. వాటికన్నా మీ పాత కార్బరేటర్ శుభ్రం చేసి రిపేర్ కిట్ వేయించడం వంద రెట్లు నయం.

చెక్ చేసే పద్ధతి చెప్తాను. వేడి ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి టార్చి వేసి కార్బరేటర్ గొంతులోకి చూడండి. పెట్రోల్ చుక్కలు ఆగకుండా పడుతుంటే, లోపల పెట్రోల్ మట్టం ఆపే ఫ్లోట్ గానీ నీడిల్ వాల్వ్ గానీ పట్టడం లేదు, ఓవర్‌ఫ్లో. పొడిగా ఉంటే కార్బరేటర్‌ని కాసేపు వదిలేయండి. వాక్యూమ్ పైపుల్లో చీలిక ఉందేమో తెలియాలంటే కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూడండి, ఐడిల్ మారిన చోట లీక్.

ఓరుగల్లు_అక్క
పెట్రోల్ కారుతున్న వేడి ఇంజన్ మీద మండే స్ప్రేనా! వద్దు తమ్ముడూ. వాక్యూమ్ పైపులు ఒక్కొక్కటే నోస్ ప్లయర్‌తో మెల్లగా నొక్కి చూడు, నొక్కగానే ఐడిల్ సర్దుకుంటే దాని అవతలే లీక్. నడుస్తున్న ఇంజన్లో ప్లగ్ వైర్లు పీకి చూడమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. కారేది ఆగేవరకు అదీ వద్దు.

బెజవాడ_కార్బ్
ముప్పై ఏళ్లుగా స్ప్రేతోనే చూస్తున్నాం అక్కా, ఎప్పుడూ ఏమీ కాలేదు. అయినా ఇంట్లో చేసేవాళ్లకు మీ పద్ధతే మేలు, సరే.

తెనాలి_800
చూసిన సంగతులు ఇవి. కార్బరేటర్ గొంతు పొడిగానే ఉంది. మూడు ప్లగ్గులూ నల్లగా, పొడి మసితో ఉన్నాయి. పంపు నుంచి కార్బరేటర్‌కు వెళ్లే హోస్ పైపు క్లిప్పు దగ్గర మెత్తగా ఉబ్బి, చెమట పట్టినట్టు తడిగా ఉంది. పైపు, క్లిప్పులు కొత్తవి వేయించాను. పొద్దున్నే వచ్చే వాసన చాలా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. ఐడిల్ వణుకు అలాగే ఉంది, నడిచేటప్పుడు కాస్త వాసన ఇంకా వస్తోంది.

డిప్‌స్టిక్ విషయం. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉంది. పాత బండైనా ఆయిల్ తాగడం లేదని ఇన్నాళ్లూ నాన్నగారు సంతోషపడుతున్నారు.

గుంటూరు_గేర్
పైపు ఉబ్బింది చూశారా! నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే. ఇథనాల్ తగిలితే పాత రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. కేసు క్లోజ్.

స్పానర్_సుబ్బారావు
పైపు వరకు మీ మాట ఒప్పుకుంటాను. ఎండకీ ఏళ్లకీ చచ్చిన రబ్బరు గట్టిపడి పగులుతుంది, ఇది ఉబ్బింది కాబట్టి ఇథనాల్ చెయ్యి ఉండొచ్చు. కానీ పైపు మార్చినా వణుకు పోలేదే! అసలు సంగతి ఆ డిప్‌స్టిక్‌లో ఉంది. ఆయిల్ తాగని బండిలో లెవల్ నిలబడాలి గానీ పెరగకూడదు. పెరిగిందంటే అందులో ఏదో కలుస్తోంది.

ఈ బండికి కరెంటు పంపు కాదు, ఇంజన్‌కు బిగించిన మెకానికల్ పంపు. లోపల రబ్బరు డయాఫ్రమ్ పెట్రోల్‌ని తోస్తుంది, దాని వెనక ఇంజన్ ఆయిల్ ఉండే గది. డయాఫ్రమ్ చిల్లు పడితే పెట్రోల్ నేరుగా ఆయిల్లోకి దిగుతుంది. వేడికి ఆ పెట్రోల్ ఆవిరై బ్రీదర్ పైపు గుండా మళ్లీ ఇంజన్ గాలిలోకే చేరుతుంది. ఐడిల్లో పీల్చే గాలే తక్కువ కాబట్టి ఆ కాస్త ఆవిరికే మిక్స్చర్ బాగా రిచ్. స్పీడులో గాలి ఎక్కువ, తేడా తెలియదు. నల్ల ప్లగ్గులు, 40 దాటాక మామూలు, బానెట్ వైపు వాసన, అన్నీ దీనికి సరిపోతున్నాయి. కార్బరేటర్ మారిస్తే ఇందులో ఒక్కటీ పోదు.

డిప్‌స్టిక్ గుడ్డకు తుడిచి వాసన చూడు బాబూ. పెట్రోల్ కొడితే ఇంజన్ ఇక స్టార్ట్ చేయకు. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. ముందు పంపు, తర్వాత ఆయిల్, ఫిల్టర్, ప్లగ్గులు. ఆయిల్ ముందు మార్చి పంపు వదిలేస్తే వారంలో మళ్లీ ఇదే కథ.

గుంటూరు_గేర్
డయాఫ్రమ్ కూడా రబ్బరేగా సార్? దాన్ని తిన్నదెవరు?

స్పానర్_సుబ్బారావు
1998లో వేసిన డయాఫ్రమే ఇప్పటిదాకా ఉంటే ఆయుష్షు తీరి పోయింది. మధ్యలో ఎవరైనా పేరులేని కిట్ వేసుంటే ఆ కిట్‌ది తప్పు. ఈ మధ్యే మంచిది వేసి అదీ పోతే అప్పుడు ఈ20 పేరెత్తండి, కాదనను. పంపు ఎప్పుడు మార్చారో తెలియకుండా తీర్పు చెప్పలేం.

తెనాలి_800
గుడ్డకు తుడిచి చూశాను, పెట్రోల్ వాసన గట్టిగా వస్తోంది. నాన్నగారిని అడిగితే పంపు ఒకసారి మార్చినట్టు గుర్తు, ఎప్పుడో తెలియదన్నారు. మార్చిన మెకానిక్ షెడ్డు ఇప్పుడు లేదట. మా మెకానిక్‌కు ఫోన్ చేస్తే డయాఫ్రమ్ ఒక్కటి వేస్తే చాలంటున్నాడు. చాలా, పంపే మార్చాలా?

బెజవాడ_కార్బ్
పంపే మార్చండి. విప్పి బిగించిన పంపు అంచుల దగ్గర కారడం చాలా చూశాను. కొనేముందు ఈ20కి సరిపోతుందా అని అడగండి, ప్యాకెట్ మీద రాసి ఉంటేనే తీసుకోండి. పాత గాస్కెట్ ముక్కలు పూర్తిగా గీకి తీయమనండి, లేదంటే ఆయిల్ కారుతుంది.

గుంటూరు_గేర్
ఈ20కి సరిపోయేది చూసి కొనమని మీరే అంటున్నారు, తప్పు ఈ20ది కాదనీ మీరే అంటున్నారు!

బెజవాడ_కార్బ్
తప్పు ఎవరిదని నేనెప్పుడు అన్నాను అన్నా? అది సుబ్బారావు గారితో తేల్చుకోండి. బంకులో ఇప్పుడు దొరికేది అదే కాబట్టి దానికి తగ్గది కొనమన్నాను. బాబూ, ఆ బండి మళ్లీ షెడ్డులో పెట్టకు, పంపు వేసేదాకా వేప చెట్టు కిందే ఉండనీ.