మైకులన్నీ కలిపితే స్నేర్ పల్చబడిపోతోంది, మిక్సింగ్ తెలిసినవాళ్ళు చెప్పండి

ప్రశ్న:
మాది హైదరాబాద్‌లో నలుగురి బ్యాండ్. పోయిన ఆదివారం స్టూడియో ఎనిమిది గంటలు తీసుకుని మా మొదటి తెలుగు పాట రికార్డ్ చేశాం. సగం పూట డ్రమ్స్‌కి మైకులు పెట్టడానికే పోయింది. స్నేర్‌కి (కర్రతో కొడితే చురుగ్గా మోగే డ్రమ్) పైనొకటి, కిందొకటి, కాలితో కొట్టే కిక్ డ్రమ్‌లో ఒకటి, మొత్తం సెట్టు నెత్తిన ఓవర్‌హెడ్ మైకులు రెండు. నా గిటార్, గొంతు ఆఖర్న.

స్నేర్ పై మైకు ఒక్కటే వింటే దెబ్బ గుండెకి తగులుతోంది. మిగతావి కలపగానే అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. ఈక్యూలో (శబ్దంలో బొంగురు, సన్న పాళ్ళు హెచ్చుతగ్గులు చేసే సాధనం) 200 హెర్ట్జ్ దగ్గర 6 డీబీ పెంచినా లాభం లేదు. పైగా గిటార్లు మొదలయ్యాక మాటలు వినబడట్లేదు. అమ్మకి వినిపిస్తే "బాగా వాయించార్రా, ఏం పాడావు?" అంది. ఆ పాట రాసిందే అమ్మ గురించి. అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు.

జవాబు:
తమ్ముడూ, ఈక్యూ వదిలెయ్. ఇది ఫేజ్ గొడవ, అంటే ఒకే శబ్దం వేర్వేరు మైకులకి వేర్వేరు వేళల్లో చేరి అలలు ఢీకొనడం. శబ్దం మిల్లీసెకనుకి దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. నీ స్నేర్ మైకు డ్రమ్ స్కిన్‌కి బెత్తెడు దూరంలో ఉంటే, ఓవర్‌హెడ్ మూడడుగుల పైన ఉంటుంది. అదే దెబ్బ అక్కడికి రెండున్నర మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 200 హెర్ట్జ్‌లో ఒక అల పూర్తవడానికి పట్టేది 5 మిల్లీసెకన్లు. అంటే ఒకటి పైకి లేస్తుంటే ఇంకోటి సరిగ్గా కిందికి దిగుతోంది, రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటున్నాయి. అక్కడ ఎంత పెంచితే మాత్రం ఏం వస్తుంది?

ముందు కింది మైకు పోలారిటీ తిప్పు, అంటే దాని అలని తలకిందులు చెయ్. కర్ర పడ్డప్పుడు స్కిన్ పై మైకుకి దూరంగా, కింది మైకు వైపు కదులుతుంది కాబట్టి వాటి అలలు దాదాపు ఎప్పుడూ ఎదురెదురే. తర్వాత ఓవర్‌హెడ్స్ రెండిటి పోలారిటీ కలిపి తిప్పి, మోనోలో (ఎడమ, కుడి కలిపి ఒకటిగా) విని, ఏది నిండుగా ఉంటే అది ఉంచు.

ఈసారి స్టూడియోకి పురికొస పట్టుకెళ్ళు. ఒక కొస స్నేర్ నడిమధ్యన బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొస ఒక ఓవర్‌హెడ్ దాకా లాగు. స్నేర్ దెబ్బ రెండిటికీ ఒకేసారి చేరాలంటే అదే కొలత ఇంకో ఓవర్‌హెడ్‌కీ రావాలి. ఇంగ్లండు రికార్డింగ్ ఇంజినీర్ గ్లిన్ జాన్స్ పేరుతో చెప్పుకునే పద్ధతిలో ప్రాణం ఇదే. నేను కొసకి ముడి వేసి పెట్టుకుంటాను.

ఇంకో జవాబు:
మాటల సంగతి నేను చెప్తా. తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. గొంతు దాన్ని సాగదీస్తే తర్వాత మాట మొదటి హల్లు బలహీనపడొచ్చు. డిస్టార్షన్ గిటార్ (శబ్దాన్ని గరుకుగా చేసిన గిటార్) కూడా హల్లులు తేటపడే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర గట్టిగా మోగుతుంది. గిటార్లని ఎడమకీ కుడికీ పూర్తిగా తోసెయ్, వాటిలో ఆ 2-4 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డీబీ తగ్గించు. గొంతు పెంచడం చివరి మాట. ఒత్తులు గట్టిగా పలకకపోతే మాత్రం ఏ మిక్సూ కాపాడలేదు, మళ్ళీ పాడాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, కింది మైకు తిప్పగానే స్నేర్ లేచి కూర్చుంది! ఓవర్‌హెడ్స్ కూడా తిప్పాక ఆ 6 డీబీ తీసేశా. గిటార్లు పక్కకి తోశాక పల్లవి తేటగా వినబడుతోంది. రెండో చరణంలో "పొద్దున్నే పొయ్యి దగ్గర" అన్నచోట ఒత్తులు నిజంగానే మింగేశాను. శనివారం రెండు గంటలు దొరికాయి, ఆ ఒక్క లైనూ పాడి వస్తాను.