ఒంటెతోడ చెలిమి యొంటితనము: ఈ వారం సమస్య

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. ముందు మూడు పాదాలు మీరు రాసి, పొసగనట్టున్న ఈ మాటకు అర్థం కుదర్చాలి.

ఒంటెతోడ చెలిమి యొంటితనము

ఐదూ సూర్యగణాలే, అంటే మూడేసి మాత్రల చిన్న గణాలు. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, అంటే ఒ–యొ యతి, కుదిరింది కాబట్టి దాని జోలికి పోకండి. ముందు పదాన్ని బట్టి ‘యొంటె’, ‘నొంటె’ చేసుకోవచ్చు. చెలిమి ఉన్నచోట ఒంటితనం ఏమిటన్నదే చిక్కు.

బ్రాడీపేట బావ:

మూపురమున నీరు ముప్పది దినములు
దాచుకొన్న జీవి దాహపడదు
తోడు కోరదెపుడు తొందరయును లేని
యొంటెతోడ చెలిమి యొంటితనము

నిర్వాహకుడు: బావగారూ, నడక హాయిగా ఉంది. కానీ మూపురంలో ఉండేది నీరు కాదు, కొవ్వు. నీళ్ళు దొరికితే పావుగంటలో 100 లీటర్ల దాకా తాగేస్తుంది, అంతే. మీ అదృష్టం, ‘నీరు’ తీసి ‘కొవ్వు’ పెట్టినా గణం మారదు.

అరండల్‌పేట అమ్మాయి: మూడో పాదమూ నిలవదు సార్. ఒంటెలు మందగా బతుకుతాయి. తోడు కోరదంటే ఎలా?

బ్రాడీపేట బావ: కొవ్వు మార్చుకుంటా. తోడు మాత్రం మార్చను, కవికి ఆమాత్రం స్వేచ్ఛ ఉండాలి.

అరండల్‌పేట అమ్మాయి: సరే, ఇది నాది.

ఇసుక తిన్నె మీద నెడతెగని నడకఁ
దోడు నడచు మూగ తోటివాడు
కటికవాడె యనును కనులుండి చూడక
యొంటెతోడ చెలిమి యొంటితనము

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలూ బాగున్నాయమ్మా. మూడోది పాత ఎత్తు. ‘అలా అన్నవాడు మూర్ఖుడు’ అంటే ఏ సమస్యయినా తీరిపోతుంది, చిక్కు మాత్రం అలాగే ఉంటుంది. పైగా కటికవాడంటే మాంసం కొట్టేవాడు, పాపం అతనేం చేశాడు? ‘కఠినుడొకడె యనును’ అనండి, గణాలు సరిపోతాయి.

కృష్ణ ఒడ్డు: పోయిన ఆదివారం విజయవాడలో ఘాట్ దగ్గర పిల్లల్ని తిప్పే ఒంటె ఒకటి కనిపించింది. మా వాడు ఎక్కనని ఒకటే ఏడుపు. ఒంటె తోలే ఆయన రాజస్థాన్ మనిషి. ఎదురుగా దూసుకురావద్దు, పక్కన నిలబడి మీ ఊపిరి వాసన చూడనివ్వండి, ఒంటెలు పలకరించుకునేదీ అలాగే అన్నాడు. అది మూతి చాచి మా వాడి ముఖం మీద ఫూ అని ఊదింది. ఏడుపు ఆగింది. ఆ రెండు వరుసల రెప్పవెంట్రుకల వెనక నల్లటి కంట్లో ప్రకాశం బ్యారేజీ చిన్నగా కనబడింది. ఇంటికొచ్చి రాసుకున్నాను.

జాతివారు లేని జనసంద్రమున దాని
కన్నులందుఁ జూచి కలతపడితి
పంచుకొంటి నేను పాలు సగమ్ముగా
నొంటెతోడ చెలిమి యొంటితనము

నిర్వాహకుడు: ఇదీ విరుపు! చెలిమినీ పంచుకున్నారు, ఒంటితనాన్నీ పంచుకున్నారు. పాదంలో అక్షరం కదలకుండా అర్థం రెండుగా విడిపోయింది. ఒక్కటే లోపం, ‘జనసంద్రము’ వైరిసమాసం, సంస్కృత పదానికి తెలుగు పదం అతికించారు. ‘జనవార్ధిలో దాని’ అంటే పోతుంది, వార్ధి అన్నా సముద్రమే.

కృష్ణ ఒడ్డు: రోజూ పేపర్లో చూసి చూసి అలవాటైపోయిందండీ. మార్చాను.

బ్రాడీపేట బావ: నాకు సంద్రమే బాగుంది. వార్ధి అంటే మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

అరండల్‌పేట అమ్మాయి: అక్కా, ఆ ఒంటె ఇంకా అక్కడే ఉందా?

కృష్ణ ఒడ్డు: నిన్న వెళ్తే లేదమ్మా. గుంటూరు వైపు వెళ్ళారట.

బ్రాడీపేట బావ: పొద్దున లాడ్జి సెంటర్లో చూశాను, అదే అయ్యుంటుంది. ఎవరో మిర్చిబజ్జీ పెట్టబోతే తోలే ఆయన తిట్టాడు. మీరు చెప్పినట్టే పక్కన నిలబడ్డాను. నా ముఖం మీదా ఊదింది. మూడో పాదం మార్చి రేపు పెడతాను.