వేయించిన పప్పులకు చింతచిగురు, వాక్కాయ పులుపు: మీ అనుభవాలు చెప్పండి

అల్వాల్ వంటిల్లు:
పల్లీలు, జీడిపప్పు, సారపప్పు కలిపి, ఎండిన చింతచిగురు పొడి పట్టించి, సాయంకాలం తినడానికి కారంగా వేయించుకోవాలని రెండు వారాలుగా ప్రయత్నిస్తున్నాను. మొదటిసారి అన్నీ ఒకే మూకుడులో పోయడంతో పల్లీలు వేగేలోపే సారపప్పు మాడిపోయింది, పొడి కూడా చేదెక్కింది. రెండోసారి పచ్చి చిగురునే చివర్లో కలిపితే వాసన ఎంతో బాగుంది గానీ, మర్నాటికి పప్పులన్నీ మెత్తబడ్డాయి. దయచేసి సరైన క్రమం చెప్పగలరా?

అమ్రాబాద్ మనవడు:
మా అమ్మమ్మగారిది నల్లమల అంచున ఉన్న ఊరు. వేసవిలో మొర్రిపండ్లు తిన్నాక గింజలను ఎండబెట్టి, తిరగలిలో మెల్లగా పగులగొట్టి సారపప్పు తీసేవారు. ఆ పప్పులో దాదాపు సగం నూనే ఉంటుంది, గింజ కూడా కందిపప్పంతే కాబట్టి సన్న సెగ మీద ఒకటి రెండు నిమిషాలకు మించి ఓర్చుకోదు. అందువల్ల పల్లీలను 12 నుంచి 15 నిమిషాలు, జీడిపప్పును 7, 8 నిమిషాలు విడివిడిగా దోరగా వేయించి, సారపప్పును ఆఖరున వేయించడం మంచిది.

ఇక చిగురు విషయం. దాని పులుపు టార్టారిక్ ఆమ్లం వల్ల వచ్చేది, అది మన మూకుడు వేడికి పోదు; పోయేది పచ్చి వాసన మాత్రమే. ఆ వాసన కోసమే కదా ఇంత శ్రమ! కాబట్టి చిగురుకు మంట తగలనివ్వకండి. నీడన ఆరబెట్టి, వేళ్ల మధ్య నలిపితే గలగలమని పొడయ్యేదాకా ఆగండి. కాస్త తడి మిగిలినా అది పప్పులోకి చేరుతుంది, మీకు జరిగింది అదే. పావుకిలో పప్పులు గోరువెచ్చగా ఉన్నప్పుడు చెంచాడు నువ్వుల నూనె పట్టించి, ఆ మీదట రెండు చెంచాల పొడి, కారం, మెత్తటి ఉప్పు చల్లితే చక్కగా అంటుకుంటాయి.

తార్నాక ఓవెన్:
నేను జీడిపప్పును ఓవెన్‌లో 150 డిగ్రీల వద్ద ఒకే వరుసగా పరిచి, కోరిన రంగు రావడానికి కాస్త ముందే బయటకు తీస్తాను, ఎందుకంటే లోపలి వేడికి అది ఇంకొంతసేపు వేగుతూనే ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా అనిపించిందని మళ్లీ లోపల పెట్టకండి, కరకరలాడే గుణం చల్లారాకే వస్తుంది.

వానాకాలపు వాక్కాయ:
చిగురు దొరకని వానల్లో నేను వాక్కాయలు వాడతాను. కోయగానే జిగురు పాలు కారతాయి కాబట్టి చీల్చి, గింజ తీసి, ఉప్పునీటిలో కాసేపు ఉంచి కడగాలి. ఆ రోజుల్లో ఎండను నమ్ముకోలేము. ఓవెన్‌లో అతి తక్కువ వేడి మీద, పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టి దంచుకోవాలి. చిగురు కంటే పులుపు ఘాటుగా ఉంటుంది, సగం సరిపోతుంది.

అమ్రాబాద్ మనవడు:
సేకరణ గురించి ఒక మాట. హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానం, అక్కడ ఆకు కూడా కోయకూడదు. రద్దీ రోడ్ల పక్క చింతచెట్ల చిగురుకు దుమ్ము, పొగ పట్టి ఉంటాయి, వాటిని వదిలేయండి. అడవికి వెళ్లినవారు నల్లజీడి గింజలను చేతితో పగులగొట్టే సాహసం చేయవద్దు, ఆ రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. సారపప్పు కోసం కొమ్మలు నరికి, కాయలు ముదరకముందే కోసుకుపోవడం వల్ల మొర్రిచెట్లు తగ్గిపోతున్నాయి; అది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. వీలైతే పండ్లు ముదిరాక ఏరుకొచ్చే గిరిజనుల దగ్గరే కొనండి.

అల్వాల్ వంటిల్లు:
మీరు చెప్పిన క్రమంలోనే నిన్న చేశానండి. చిగురు రెండు రోజులు నీడన ఆరింది, పొడి ఆకుపచ్చగానే నిలిచింది. పూర్తిగా చల్లారాక గాజు సీసాలో పోసి మూత బిగించాను, ఈ ఉదయానికీ పల్లీలు కరకరలాడుతున్నాయి. సారపప్పు మాత్రం ఒక నిమిషానికే దించేశాను, ఇంకో అర నిమిషం ఉంచితే సరిపోయేదనిపించింది.