బడిలో బిడ్డ చెప్పిన మాట ఇంటికి చేరాలా? (తిరుపతి–చిత్తూరు తల్లిదండ్రులు, టీచర్ల చర్చ, 2025 ఆగస్టు)

తిరుచానూరు రోడ్డు
అమెరికా సుప్రీంకోర్టు జూన్ 27న ఇచ్చిన తీర్పు మన స్కూలు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతా ఉంది. "బడి ఇక ఏదీ తల్లిదండ్రుల దగ్గర దాచకూడదని తేల్చేశారు, మనమూ అడగాల" అని దాని కింద రాసుంది. సూటిగా అడుగుతున్నా. తొమ్మిదో తరగతి బిడ్డ "నేను మగపిల్లాణ్ణి కాదనిపిస్తోంది" అనో, "ఆడపిల్లను కాదనిపిస్తోంది" అనో టీచరు దగ్గర చెప్పుకుంది. ఆ మాట ఇంటికి చెప్పాల్సిన బాధ్యత బడికి ఉందా, లేదా? పార్టీలు, తిట్లు వద్దు. తెలిసినవాళ్లు తెలిసింది చెప్పండి.

చిత్తూరు బార్
లాయరుగా చెబుతున్నా. ముందు ఆ ఫార్వర్డ్ సంగతి. కేసు మేరీల్యాండ్ రాష్ట్రంలోని మాంట్‌గోమరీ కౌంటీది. స్వలింగ జంటలు, ట్రాన్స్ పాత్రలు ఉన్న కథల పుస్తకాలు చిన్న తరగతుల్లో చదివేటప్పుడు తమ పిల్లల్ని బయటికి పంపమని కొందరు ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు అడిగారు. మత స్వేచ్ఛ కింద 6–3తో వాళ్లకు మధ్యంతర ఊరట దొరికింది. బిడ్డ చెప్పుకున్న మాట ఇంటికి చేరాలా అనేది ఆ కేసులో ప్రశ్నే కాదు. మీరడిగిన దానికి దగ్గరగా ఉన్నది కాలిఫోర్నియా చట్టం, 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అది కూడా ఇంట్లో చెప్పొద్దని అనదు. బిడ్డ ఒప్పుకోకుండా చెప్పి తీరాలని స్కూలు బోర్డులు టీచర్ల మీద రూలు పెట్టకూడదు అంటుంది, అంతే.

ఇక మన దగ్గర. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకునే హక్కును గుర్తించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2019లో వచ్చి, 2020 జనవరి 10 నుంచి అమలైంది. 2025 నాటికి అందులో పిల్లలకు సంబంధించి గుర్తుంచుకోవాల్సినవి మూడే. 5వ సెక్షన్: గుర్తింపు సర్టిఫికెట్ కోసం జిల్లా కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి, మైనరైతే తల్లో తండ్రో సంరక్షకుడో పెట్టాలి. 12వ సెక్షన్: ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బిడ్డను కన్నవాళ్ల నుంచి వేరు చేయకూడదు, చేయాలంటే బిడ్డ మేలు కోసం కోర్టు ఆర్డరు ఉండాలి. 18వ సెక్షన్: కొట్టినా, ఇంట్లోంచి గెంటినా, మాటలతో హింసించినా ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు. ఇది బయటివాళ్లకే కాదు, కన్నవాళ్లకూ వర్తిస్తుంది.

బడి చెప్పాలనే సెక్షన్ లేదు. చెప్పకూడదనే సెక్షనూ లేదు.

పలమనేరు నాన్న
లేదంటే ఎట్లా సార్? బిడ్డకు జొరమొస్తే ఫోన్ చేస్తారు. రెండు మార్కులు తగ్గితే ఫోన్ చేస్తారు. ఫీజు ఒక్కరోజు ఆలస్యమైతే మూడుసార్లు చేస్తారు. ఇంత పెద్ద విషయం మాత్రం టీచరు కడుపులో పెట్టుకోవాలా? రేపు ఆ బిడ్డ ఏదన్నా చేసుకుంటే అడగాల్సింది ఎవరిని? చట్టమే సర్టిఫికెట్‌కు తల్లిదండ్రి సంతకం కావాలన్నప్పుడు, ఈ విషయం మాదేనని చట్టమే ఒప్పుకున్నట్టు కదా.

కౌన్సెలర్, ఎయిర్ బైపాస్ రోడ్డు
సర్టిఫికెట్ వేరు, బిడ్డ నోటి మాట వేరు సార్. మొదటిది కాగితం, మీరు లేకుండా కదలదు. రెండోది చాలాసార్లు ఇంకా ప్రశ్నే. పదమూడు, పద్నాలుగేళ్లలో "అనిపిస్తోంది" అన్న మాటకు అర్థం ఏడాది తర్వాత ఎటైనా ఉండొచ్చు. అది గట్టిపడొచ్చు, మారొచ్చు, అసలు సంగతి క్లాసులో ఎవరో ఏడిపించడం కావొచ్చు. ఆ దశలో టీచరు ఫోన్ చేసి "మీ వాడు ఆడపిల్లనంటున్నాడు" అంటే, బిడ్డ మాటకు టీచరే తీర్పు రాసినట్టు.

పనిలో జరిగే తప్పులు రెండు వైపులా ఉన్నాయి. ఒకటి ఈ తొందరపాటు ఫోను. తండ్రి డ్యూటీలో ఉంటాడు, నలుగురి మధ్య వింటాడు, ఆ కోపం సాయంత్రం ఇంట్లో తేలుతుంది. మర్నాటి నుంచి బిడ్డకు బడి మాన్పిస్తారు. లేదా బిడ్డే ఇల్లు వదిలి రైల్వే స్టేషన్ చేరుతుంది. రెండోది మంచి మనసుతో చేసే తప్పు: "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వడం. ఆ మాట ఏ టీచరూ ఇవ్వకూడదు. అదే సందర్భంలో బిడ్డ "ఫలానా అంకుల్ ముట్టుకున్నాడు" అని చెబితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుంటే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, తన కింద పనిచేసేవాళ్లు చేసింది సంస్థ పెద్ద చెప్పకుంటే ఏడాది వరకు. కాబట్టి మొదటి వాక్యం ఇలా ఉండాలి: "నువ్వు చెప్పేది ఊరంతా చెప్పను. నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం, నీకు ముందు చెప్పి, సాయం చేయగలవాళ్లకు చెబుతాను."

తర్వాత అడగాల్సినవి కొన్నే. ఇంట్లో ఎవరికైనా తెలుసా? తెలిస్తే ఏమవుతుందని భయం? క్లాసులో ఎవరైనా ఏడిపిస్తున్నారా? చచ్చిపోవాలనిపిస్తోందా? ఈ చివరిది నేరుగానే అడగాలి. అడిగితే ఆలోచన పుడుతుందని టీచర్లు జంకుతారు, అది అపోహ. అవునంటే ఇక రహస్యం లేదు. అదే రోజు ఇంటికి చెప్పాలి, బిడ్డను ఒంటరిగా పంపకూడదు. 14416 టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఇంట్లో కొడతారని నమ్మదగ్గ కారణం ఉంటే పిల్లల హెల్ప్‌లైను 1098. బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద పిల్లల్ని హింసించినవాళ్లకు మూడేళ్ల దాకా పడొచ్చు.

ఈ రెండు ప్రమాదాలూ లేనప్పుడు, బిడ్డ ద్వారానే ఇంటికి చేరనివ్వాలి. "అమ్మకు ముందా, నాన్నకు ముందా? నేను పక్కన ఉండనా?" అని అడిగితే చాలామంది పిల్లలు అమ్మనో, పిన్నినో, పెద్దక్కనో ఎంచుకుంటారు.

పలమనేరు నాన్న
మేడమ్, మీరు చెప్పింది పదహారేళ్ల బిడ్డకు సరిపోద్ది. పదేళ్లదానికి? కెనడాలో సస్కాచివాన్ 2023లో చట్టమే చేసింది, పదహారు లోపు పిల్లల్ని బడిలో కొత్త పేరుతో పిలవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని. ఇంగ్లండులో హిలరీ క్యాస్ అనే పిల్లల డాక్టరు 2024 ఏప్రిల్లో ఇచ్చిన నివేదికా అదే దారి: బిడ్డకు ప్రమాదమని గట్టి ఆధారం ఉంటే తప్ప తల్లిదండ్రుల్ని కలుపుకోవాలని. వీళ్లేమీ వెనకబడినవాళ్లు కాదు కదా.

కౌన్సెలర్, ఎయిర్ బైపాస్ రోడ్డు
క్యాస్ మాట మీరు సరిగ్గానే చెప్పారు. "ప్రమాదం ఉంటే తప్ప" అన్న ముక్క దగ్గరే నాకూ మీకూ పెద్ద తేడా లేదు. ఐదో తరగతి బిడ్డ విషయంలో నేనూ తల్లిని త్వరగానే పిలుస్తాను. పిలిచి చెప్పేది మాత్రం "మీ బిడ్డ ఇదీ" అని కాదు. "బిడ్డ ఈమధ్య దిగులుగా ఉంది, మనం కలిసి మాట్లాడదాం" అని. సస్కాచివాన్‌తో మాత్రం పోల్చకండి. ఆ చట్టం కోర్టులో నిలవదేమోనని, వాళ్ల రాజ్యాంగంలో హక్కుల్ని పక్కనపెట్టే ప్రత్యేక నిబంధన వాడి గట్టెక్కించారు.

గంగమ్మ వీధి
ఏందబ్బా ఇంత గోల. తాతయ్యగుంట గంగ జాతరలో మగోళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. ఊరంతా దండం పెడుతుంది. మనకు కొత్తా ఇది?

చిత్తూరు బార్
అది మొక్కు అన్నా. వేషం తీసేస్తే తీరిపోతుంది. పొద్దున బడికి పోయే బిడ్డ ఏ బాత్రూంలోకి పోవాలన్నది ఆ వేషంతో తేలదు.

శ్రీకాళహస్తి హెచ్ఎం
అసలు చిక్కు ఇక్కడుంది. హెచ్ఎం చేతిలో ఆదేశమేదీ లేదు. ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని బడిలో కలుపుకోవడం గురించి ఎన్‌సీఈఆర్‌టీ 2021లో టీచర్ల కోసం ఒక పుస్తకం తెచ్చింది, జాతీయ బాలల హక్కుల కమిషన్ అభ్యంతరంతో కొద్ది రోజుల్లోనే వెబ్‌సైటు నుంచి తీసేసింది. అదే ఏడాది జూన్ 7న మద్రాసు హైకోర్టు పేరెంట్స్ మీటింగుల్లో అవగాహన కల్పించాలని, రికార్డుల్లో పేరు, జెండర్ మార్చుకునే వీలు ఇవ్వాలని సూచించింది. నగరి దాటితే, అంటే తమిళనాడులో, ఆ మాటకు బరువుంది, ఇటువైపు మనకు అది కట్టుబాటు కాదు. కాబట్టి ఒక్కో బడిది ఒక్కో తీరు.

కాగితాల దగ్గర మాత్రం ఎవరికీ సొంత తెలివి వద్దు. అడ్మిషన్ రిజిస్టరులో పేరు గానీ, లింగం గానీ హెచ్ఎం తనంతట దిద్దకూడదు. బిడ్డ మీద జాలితో, బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో లింగం మార్చారనుకోండి, ఆధార్‌లో పాతదే ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, లింగం మూడూ ఆధార్‌తో కలవకపోతే అపార్ ఐడీ (విద్యార్థి శాశ్వత గుర్తింపు నంబరు) తయారుకాదు. అపార్‌కు ఎలాగూ తల్లిదండ్రుల సమ్మతి పత్రం కావాలి. అంటే మీరు దాచాలనుకున్నది కంప్యూటరే బయటపెడుతుంది.

వరస ఇదీ: తల్లిదండ్రులు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల జాతీయ పోర్టల్లో కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. అఫిడవిట్ జతచేయాలి. 2025 నాటికి డాక్టరు పరీక్ష అవసరం లేదు. కలెక్టరు 30 రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలి. అది వచ్చాకే ఆధార్, తర్వాత బడి రికార్డు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి తిరుపతి వాళ్లు ఇంకా చిత్తూరుకు పంపొద్దు. ఇది పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపేలోపు అయితే ఒక మెమోతో పోతుంది. తర్వాతైతే ప్రభుత్వ పరీక్షల డైరెక్టరేట్ చుట్టూ తిరగాలి.

ఇంకో మాట. మెగా పేరెంట్ టీచర్ మీటింగులో, షామియానా కింద, పక్కింటివాళ్లు వింటుండగా ఈ ఊసు ఎత్తే టీచర్లున్నారు. ప్రోగ్రెస్ కార్డు మీద "ప్రవర్తన మార్చుకోవాలి" అని రాసేవాళ్లూ ఉన్నారు. స్టాఫ్ రూములో అన్న మాట మధ్యాహ్న భోజనం లోపు బడంతా పాకుతుంది. తెలియాల్సింది ఇద్దరికే, విన్న టీచరుకు, హెచ్ఎంకు.

కుప్పం వార్డెన్
మీరంతా ఇంటి నుంచి వచ్చిపోయే పిల్లల గురించే మాట్లాడతా ఉండారు. ఆరో తరగతి నుంచే హాస్టల్లో ఉండే పిల్లల మాటేంది? అక్కడ అమ్మానాన్న నెలకోసారి కనిపిస్తే గొప్ప. పిల్లోడు వరసగా ఉన్న కొళాయిల కింద అందరితో స్నానం చేయలేక నాలుగు గంటలకే లేస్తాడు, లేదా రోజులతరబడి స్నానమే చేయడు. చర్మం పాడై డాక్టరు దగ్గరికి పోయాక విషయం తెలుస్తుంది.

దీనికి ఇంటికి చెప్పాల్సిన పని కూడా లేదు, కారణం రాయాల్సిన పనీ లేదు. గడియ ఉన్న ఒక బాత్రూం ఎవరైనా వాడుకునేట్టు తెరిచిపెడితే సరిపోద్ది. చాలాచోట్ల దివ్యాంగుల కోసం కట్టిన మరుగుదొడ్డి ఉండనే ఉండాది, చీపుళ్లు, బకెట్లు పెట్టి తాళమేసుంటారు. మంచం వార్డెన్ గదికి దగ్గరగా మార్చాలంటే "నిద్రలో కలవరిస్తాడు" లాంటి అబద్ధాలు రాయొద్దు, ఏమీ రాయకుండా మార్చండి. మగపిల్లల బ్లాకు నుంచి ఆడపిల్లల బ్లాకుకు మార్చడం మాత్రం తల్లిదండ్రుల రాతపూర్వక ఒప్పుకోలు, ప్రిన్సిపాల్ సంతకం లేకుండా వార్డెన్ ముట్టుకోకూడదు. అటువైపు పిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పుకునే హక్కుంది.

పలమనేరు నాన్న
బాత్రూం సంగతికి ఒప్పుకుంటా. అది అందరికీ పనికొచ్చేదే. కానీ కౌన్సెలర్ మేడమ్ ఒకటి తేల్చలేదు. బిడ్డ చెబుతుందిలే అని ఎన్నాళ్లు ఆగుతారు? ఏడాదా? ఇంట్లో చెప్పకుండానే డాక్టరుకు చూపిస్తారా?

కౌన్సెలర్, ఎయిర్ బైపాస్ రోడ్డు
డాక్టరుకు చూపించడం కుదరదు సార్. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో మైనరు తరఫున నిర్ణయించేది సంరక్షకులే. మీరు చూపించేటప్పుడు కూడా "మార్చేస్తాం" అనే చోటికి పోవద్దు. అట్లా మార్చే చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వృత్తి దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణలో ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక జబ్బుల జాబితాలోనే లేదు.

ఎన్నాళ్లు అంటారా, లెక్క కట్టి చెప్పలేను. వారం వారం బిడ్డతో కూర్చోవాలి, ఇంటికి చెప్పే మాట ప్రతిసారీ ఎత్తాలి. నెలలు గడిచినా భయం తగ్గకపోతే, ఆ ఇంట్లో భయపడాల్సింది ఏముందో చూడాలి.

పలమనేరు నాన్న
నెలలంటే నేను ఒప్పుకోను. రెండు వారాలు. ఆపైన హెచ్ఎం నన్ను పిలవాలి, బిడ్డకు ముందు చెప్పే పిలవనీ.

శ్రీకాళహస్తి హెచ్ఎం
బిడ్డకు ముందు చెప్పి పిలవాలన్న దగ్గరికి మీరిద్దరూ వచ్చారు కాబట్టి, గడువు తరగతిని బట్టి పెట్టి, మా స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలో పెడతాను. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. ఏ బిడ్డ పేరూ రాకుండా తీర్మానం ముసాయిదా రేపు ఇక్కడే వేస్తా, దిద్దండి.