కంచు మోగినట్లా, మోగునట్లా?

ఆమదాలవలస నుంచి: వేమన పద్యంలో ఒక పాదం చాన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచిన రోజు మా వీధంతా పండగే. ఎవరో "బంగారమైతే ఇంకా బాగుణ్ణు" అన్నారు. మా తాతయ్య తింటున్న కంచం అంచు మీద గరిటెతో ఒక్కటి కొట్టి, "కంచు మోగునట్లు కనకంబు మోగునా!" అన్నారు. నాకు 'గు' అనే వినబడింది. పుస్తకాల్లో 'మోగినట్లు' అని చూస్తున్నాను. ఏది సరి?

బొబ్బిలి నుంచి: మోగి, మోగు రెండూ హగణాలే, అంటే బరువైన అక్షరం (గురువు) తర్వాత తేలికది (లఘువు); ఆటవెలదికి ఏదైనా చెల్లుతుంది. అర్థంతోనే తేల్చాలి. 'మోగినట్లు' అంటే ఒకసారి మోగిన మోత. 'మోగునట్లు' అంటే దాని స్వభావం. వేమన చెప్పేది స్వభావం గురించి. మీ తాతగారిదే సరైన పాఠం.

పాలకొండ నుంచి: అసలు అక్షరం ఇద్దరూ వదిలేశారు. అది 'మ్రోగు'. 'మ్రో' వస్తే ముందున్న 'చు' గురువై గణం చెడుతుందనకండి. తెలుగు పదం మొదట్లో ఉన్న జంటాక్షరం వెనకటి పదాన్ని తాకదు.

బొబ్బిలి నుంచి: ఛందస్సు సరే. మరి జనం నోట నిలిచింది 'మోగు' కదండీ! వేమన పద్యానికి నోరే మొదటి పుస్తకం.

రాజాం నుంచి: అర్థమే తిరగబడింది చూడండి. పద్యంలో కంచు అల్పుడు, కనకం సజ్జనుడు. తాతగారు కంచునే పొగిడారు. అలా తిప్పి వాడగలిగేవాళ్లకే పద్యం వచ్చినట్టు.

బుడితి నుంచి: మా ఇంట్లో కంచు పని చూస్తూ పెరిగాను, అందుకే చెబుతున్నా. కంచు మోగేది తగరం వల్ల. రాగిలో సుమారు ఐదో వంతు తగరం పడితేనే గంట మోత వస్తుంది. సిడ్నీ కంచు పతకాలకు ఆస్ట్రేలియా పాత ఒక సెంటు, రెండు సెంట్ల నాణేలు కరిగించారు. వాటిలో రాగి 97 శాతం, తగరం అర శాతం. మా కంచంలా ఖంగుమనదు.

పాలకొండ నుంచి: ఆ లెక్కన కనకమూ కనకం కాదు. ముద్ద బంగారు పతకం 1912 స్టాక్‌హోంతో ఆఖరు. తర్వాతివి వెండి మీద బంగారు పూత.

రాజాం నుంచి: పతకం మీద బొమ్మ సంగతీ చెప్పుకోవాలి. ఇటలీ శిల్పి కాసియోలీ 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఆటలకు దిద్దిన విజయదేవత కూర్చుని ఉంటుంది. వెనక రోమన్ కొలోసియంలాంటి కట్టడం. గ్రీకు ఆటలకు రోమ్ కట్టడమేమిటని గ్రీకులు నొచ్చుకున్నారు. 2004 ఏథెన్స్ నుంచి రెక్కల దేవత వాళ్ల స్టేడియంలోకే దిగింది. అంటే కూర్చున్న దేవత ఉన్న చివరి వేసవి పతకాల్లో ఒకటి మన మల్లీశ్వరి మెడలో పడింది. తిప్పి చూస్తే సిడ్నీ ఒపేరా హౌస్.

ఆమదాలవలస నుంచి: ఆ కంచం ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడే గరిటెతో కొట్టాను. పెరట్లో ఉన్న అమ్మ "ఏటది?" అంటూ లోపలికి వచ్చేదాకా మోగుతూనే ఉంది. 'గు' అనే అనుకుంటున్నాను. పాలకొండవారి 'మ్రో' మాత్రం ఇప్పుడు కొత్తగా పట్టుకుంది.