దేవుడు "కాదు" అన్నాడో, "ఆగు" అన్నాడో ఎలా తెలుస్తుంది?

అందరికీ వందనాలు. మా అన్నయ్యకు కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తోంది. ఇంటిల్లిపాదీ ప్రార్థన చేస్తున్నాం. అమ్మ బైబిల్లో మార్కు 11:24 కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసుకుంది, ఆ పేజీ అంచు నలిగిపోయింది కూడా. అడిగినవి పొందామని నమ్మితే అవి కలుగుతాయన్నది అక్కడి మాట. కానీ 2 కొరింథీయులకు 12లో అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధిస్తున్న బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకుంటే, ప్రభువు తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్నాడు. సిలువకు ముందు గెత్సేమనే తోటలో యేసు ప్రభువే "నీ చిత్తప్రకారమే కానిమ్ము" అని ప్రార్థించాడు.

నా టెన్షన్ ఇక్కడే. స్వస్థత కోసం పట్టుబట్టి అడగాలా, లూకా 18లో న్యాయాధిపతిని విడవకుండా అడిగిన విధవరాలిలా? లేక ఆయన చిత్తానికి అప్పగించేయాలా? అలా అప్పగిస్తే విశ్వాసం సన్నగిల్లినట్టేనని ఒకరు అన్నారు. ఆ మాట అన్నయ్య చెవిన పడింది, అప్పటినుంచి తన విశ్వాసం చాలకే ఇలా అయిందని కుమిలిపోతున్నాడు. నాకైతే అది తప్పుడు బోధే అనిపిస్తోంది.

ఇలాంటి స్థితి దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మీరు ఏమని ప్రార్థించారు? అన్నయ్యకు ఏ వాక్యం చదివి వినిపించమంటారు?